సిమెంటు తట్ట

లైసెన్సున్నవాడైతే నమ్మకమని అమ్మ మా దిల్‌సుఖ్‌నగర్ ఇంటి వంటగది పనిని ఒక కాంట్రాక్టర్‌కు అప్పగించింది. తెలంగాణ ఉద్యమంలో బంద్‌లు మొదలవగానే ఆ పెద్దమనిషి గోడలు సగంలో వదిలేసి, ఫోనెత్తడం కూడా మానేశాడు. ఒళ్లు మండిన అమ్మ ఎల్బీనగర్ అడ్డా మీద కూలికి నిలబడ్డ పాలమూరు భార్యాభర్తలను పిలుచుకొచ్చింది.

సిమెంటు తట్ట మోస్తూ ఆ భార్య అనేది: "తెలంగాణ రానీయ్ అమ్మా, మా చేన్లకు నీళ్లొస్తయి. గీ తట్ట ఈడనే పారేసి ఊరికి పోతం."

గుంటూరు నుంచి వచ్చిన అమ్మ, "అలాగే వెళ్దువుగానిలే, ముందు నా వంటగది కానివ్వు" అని నవ్వేది.

రాష్ట్రం వచ్చింది. అమ్మ పోయింది. కొన్నేళ్లకు బాత్రూం మరమ్మతుకు మనిషి కోసం అదే అడ్డాకు వెళ్లాను. జుట్టు నెరిసిపోయి, ఒక్కతే నిలబడి ఉంది ఆ పాలమూరామె. నన్ను చూడగానే గుర్తుపట్టి, చేతిలోని తట్టను వీపు వెనక దాచుకుంది.