ధర్మసాగర్ దారిలో వెంట మనిషి

ఈ ప్రయాణం నేను పెట్టుకున్నది కాదు, మా మేడ మీది గదిలో అద్దెకుండే నీమా పెట్టింది. నీమాది కెన్యా. హనుమకొండలో సోషల్ వర్క్ చదువుతోంది. వయసు మళ్ళిన ఆడవాళ్ళ ఆరోగ్యం ఇంట్లో, ఊళ్ళో ఎవరి మాట మీద నడుస్తుందన్నది ఆమె చదువు. వాళ్ళ దేశంలో కొందరిని అడిగి వచ్చింది, ఇక్కడా అడగాలట. అరవై దాటినదాన్ని కింద గదిలోనే ఉన్నాను కదా, నన్నే అడుగుతుందని వారం రోజులు మంచి చీరలు కట్టుకుని తిరిగాను. తీరా ఆమె వచ్చి, ధర్మసాగర్‌లో మీ అక్క ఉన్నారట, ఆమె దగ్గరికి తీసుకెళ్తారా, ఆమె మాటలు నాకు ఇంగ్లీషులో చెబుదురు గాని, అంది. నా పాత డిగ్రీ ఇంగ్లీషు ఇందుకా పనికొచ్చేదని ఒళ్ళు మండిపోయింది.

అక్క అంటే నా తోడికోడలు సరోజక్క. బావగారు పోయాక పుట్టిన ఊరు ధర్మసాగర్ వెళ్ళిపోయి, చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ ఉంటోంది. నాకేమో బజారులో బెల్లం దుకాణం, ఇంటి నిండా మనుషులు. ఆమె మీద నేను జాలిపడాలి. చాలా ఏళ్ళు పడ్డాను కూడా. నిరుడు కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, దర్జాగా మా ఇంటి మెట్లెక్కిందే, ఆ రోజుతో నా జాలి చచ్చిపోయింది. నా కుడికంట్లోనూ శుక్లమే. ముదురుతోంది, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మేడారం జాతరలో మొక్కు బెల్లమే, ఆ గిరాకీ అవ్వనీ అంటారు మావారు. జాతర అయితే పెళ్ళిళ్ళ గిరాకీ వస్తుంది. మా ఇంటి ఆడవాళ్ళు మగమనిషి వెంట లేకుండా దవాఖాన గడప తొక్కరు, మగమనిషికేమో దుకాణం వదిలి తీరదు.

పొద్దున ఎనిమిదింటికి వరంగల్ చౌరస్తాలో సిటీ బస్సెక్కి హనుమకొండలో దిగి, ధర్మసాగర్ బస్సు పట్టుకున్నాం. వెళ్ళాలనుకునేవాళ్ళు ఆధార్ కార్డు మరవకండి, ఆడవాళ్ళకు జీరో టికెట్. నీమాకు ఆధార్ లేదు కనుక డబ్బులిచ్చింది. ఆ రోజు మొత్తం మీద నాది పైచేయి అనుకున్నది ఆ ఒక్క చోటే.

కాజీపేట దాటాక నీమా వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పింది. తాత పోగానే పొలం ఆయన తమ్ముళ్ళ చేతికి పోయిందట. అప్పటి నుంచి దవాఖానకు పోవాలన్నా వాళ్ళనే అడగాలి. వాళ్ళు ఎల్లుండి అంటే ఎల్లుండి. అలా అడుగుతుండగానే చూపు పోయిందట. మీ ఆఫ్రికాలో అంత దూరాలు మరి, అన్నాను. దవాఖాన ఇంటికి దగ్గరే ఆంటీ, అంది నీమా. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి సరోజక్క చెరువు కట్ట మీద నడిచి వచ్చి, అరుగు మీద చీర పరుచుకుని కూర్చుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రుచిగా ఉన్నాయని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆమె మాట్లాడుతూనే సూదిలో దారం ఎక్కించింది, చూడను కూడా చూడకుండా ఒక్కసారికే. నేను సూది ముట్టి ఎన్నాళ్ళయిందో. ఆ సూదిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

నీమా మొదటి ప్రశ్న అడిగింది, నేను తెలుగులో చెప్పాను: మీరు దవాఖానకు ఎప్పుడు పోవాలో ఎవరు నిర్ణయిస్తారు?

సరోజక్క నవ్వింది. "కన్ను నాదాయె. ఎవల్నడగాలె?"

ఆ మాటను నేను నా నోటితో ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పాను. నోరు చేదెక్కింది.

ఒంటరిగా ఎలా పోయారని నీమా అడిగింది. ఒంటరిగా ఎందుకు పోతానంది సరోజక్క. వాళ్ళ మహిళా సంఘంలో ఒక పద్ధతి ఉందట. ఎవరు దవాఖానకు పోయినా ఇంకొకరు వెంట పోవాలి. ఈసారి నీ వెంట వచ్చినావిడ అవసరానికి నువ్వు పోకపోయినా ఫరవాలేదు, వంతు వచ్చినప్పుడు ఎవరి వెంటనైనా పోతే చాలు. కొడుకులు, అల్లుళ్ళు ఖాళీగా ఉన్నారా లేదా అని ఎవరూ ఆరా తియ్యరు. తన ఆపరేషన్‌కు పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా పక్కింటి కొమురమ్మ కూర్చుందట. నేనా రోజు బెల్లం దిమ్మెలు లెక్కపెడుతూ ఉండి ఉంటాను.

నీమా రెండో ప్రశ్న అడగబోతుంటే కొమురమ్మ ఉతికిన చీర కట్టుకుని, నీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. హనుమకొండలో కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలట. ఇయ్యాల నా వంతు, మిగతాది బస్సుల మాట్లాడుకుందాం అని సరోజక్క సూది గుచ్చి, చీర మడతపెట్టి లేచింది.

పదకొండున్నర బస్సులో నలుగురం తిరుగు ప్రయాణమయ్యాం. కిటికీ సీటు కూడా సరోజక్కకే దొరికింది. కండక్టరు పేరు పెట్టి పలకరించాడు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు సరోజక్కా అంటూనే ఉన్నారు. ఇంటి నిండా మనుషులున్న నన్ను నీళ్ళు తాగావా అని అడిగింది మాత్రం ఆమే.

నీమా వెనక్కి తిరిగి, దవాఖానకు ఎప్పుడు పోవాలో ఎవరు నిర్ణయిస్తారని నన్ను అడిగింది. వారం రోజులుగా ఎదురుచూసిన ప్రశ్న. "మావారు" అనబోయాను. అప్పుడే ఫోన్ మోగింది. మావారే. బెల్లం లోడు వచ్చింది, హమాలీలకు చాయ్ పెట్టాలి, జల్ది రా అని పెట్టేశారు. ఎందుకు వెళ్ళావు, ఎలా ఉన్నావు అన్న మాటే లేదు.

కళ్ళ దవాఖాన దగ్గర బస్సు ఆగింది. సరోజక్క కొమురమ్మ చెయ్యి పట్టుకుని దిగింది. నీమా ఇంకా నా జవాబు కోసం చూస్తూనే ఉంది. వాళ్ళ అమ్మమ్మ ముఖం నేనెరగను, అయినా చూపు పోయిన ఆ ముసలామె కళ్ళే గుర్తొచ్చాయి. లేచి నేనూ దిగాను. నా వెనకే నీమా దిగింది.

చీటీ రాసే కిటికీ దగ్గర అమ్మాయి నా పేరు, వయసు రాసుకుని వెంట ఎవరొచ్చారని అడిగింది. కొమురమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి సరోజక్క నా పక్కకు వచ్చింది. "ఈమెకు సుత నేనే," అంది. నా వైపు తిరిగి, "ఇన్నొద్దులు అడగకపోతివి చెల్లె. నువ్వు పిలుస్తవని ఎదురుచూసిన," అంది.

ఏడుపొచ్చింది. అందులో సంతోషమెంతో, వెంట నేనే ఉన్నానన్న మాట ఆమెలా నేను ఎవరితోనూ అనలేదన్న ఉడుకు ఎంతో చెప్పలేను.

వచ్చే సోమవారం ఆపరేషన్ పెట్టుకున్నాను. సిటీ బస్సులో వరంగల్ చేరేసరికి నాలుగయింది. హమాలీలు చాయ్ బయట తాగేశారు, మావారి ముఖం మాడి ఉంది. సోమవారం నేనుండనని చెప్పాను. వెంట ఎవరొస్తారు, నాకు తీరదు కదా అన్నారు. సరోజక్క వస్తుందన్నాను.

అన్నం తింటూ ఇంకో మాట చెప్పాను. కన్ను మానాక ధర్మసాగర్ రాజమ్మను మోకాళ్ళ డాక్టరుకు చూపించాలి, ఆమె వెంట పోయే వంతు సరోజక్క నాకు వేసింది. రాజమ్మ ఎవరని అడిగారు. నాకూ తెలియదు. కానీ ఆమె నా కోసం ఎదురుచూస్తుంది.