పక్క రక్తనాళం

ఆ రోజుల్లో మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. కొత్తగూడలోని ఓ చిన్న ఆసుపత్రిలో నా డాక్టరీ కూడా అప్పుడే మొదలైంది. రెండింటిలో మేడల పునాదులే గట్టివని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఒక మధ్యాహ్నం, న్యుమోనియాతో వెంటిలేటర్ మీదున్న తాపీమేస్త్రీకి బీపీ పడిపోయింది. మూత్రం రావడం లేదు. కాళ్లేమో వాచాయి. ఒంట్లో నీరు తక్కువైందా, ఎక్కువైందా? తక్కువైతే సెలైన్ ఎక్కించాలి. ఎక్కువైతే ఆ సెలైనే ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం తీస్తుంది. పెద్ద డాక్టరు గారు కింద మరో రోగితో ఉన్నారు. పొట్టలోని పెద్ద సిరను స్కానింగ్‌లో చూస్తే తెలుస్తుందని ఎక్కడో చదివాను. (చదివాను, అంతే.) గర్భిణుల గదిలోంచి మిషన్ తోయించుకొస్తుంటే మేస్త్రీ భార్య అడ్డుపడింది.

"ఏంది సారూ, గిది కడుపుతోటి ఉన్నోళ్లకు కదా? మా ఆయనకెందుకు?"

"ఒంట్లో నీళ్లు చూడటానికమ్మా" అన్నాను గంభీరంగా.

తెర మీద లావుపాటి నాళం కనిపించగానే, "నిండుగా ఉంది! సెలైన్ వద్దు, మూత్రం వచ్చే ఇంజెక్షన్ ఇవ్వండి" అని ప్రకటించాను. భీమవరం నుంచి వచ్చిన మా సీనియర్ సిస్టర్ సిరంజి నింపింది గానీ ఇవ్వలేదు.

"డాక్టరు గారూ, అది టకటకా కొట్టుకుంటోందండి. సిర అలా కొట్టుకుంటుందా అండీ?"

మేస్త్రీ మణికట్టు పట్టుకున్నాను. నాడీ, తెర మీది నాళమూ ఒకే లెక్కన కొట్టుకుంటున్నాయి. నేను చూసింది సిరను కాదు, దాని పక్కనున్న ధమనిని! పొట్ట మీది స్కానింగ్ ప్రోబ్‌ను కుడివైపు జరిపితే అసలు సిర దొరికింది: వెంటిలేటర్ గాలి కొట్టినప్పుడు కాస్త ఉబ్బి, ఆగగానే అణిగిపోతోంది. అంటే, కాళ్ల వాపు ఎలా ఉన్నా, రక్తనాళాల్లో నీరు లేదు. సెలైన్ ఎక్కించాం. అరగంటకు బీపీ తేరుకుంది, సాయంత్రానికి సంచిలో మూత్రం చేరింది. (అంత అందమైన పసుపు రంగు నేనెన్నడూ చూడలేదు.)

"ఇగ ఫికర్ లేదా సారూ?" అంది భార్య. "ఈ గండం గడిచిందమ్మా" అన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

పెద్ద డాక్టరు గారు వచ్చి "శెభాష్" అన్నారు. ఆ రోజుకి ఆ మెప్పును జేబులో వేసుకున్నాను. మర్నాడు మనసాగక జరిగిందంతా చెప్పేశాను. ఆయన నవ్వారు.

"నిన్ను ఒక్కన్నే ఇడిసిపెడ్తననుకున్నవా? ఆ సిస్టర్‌ను నీ పక్కన నిలవెట్టిందే నేను."

అప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా, పాపం. అంత పెద్ద డాక్టర్నని అనుకునేవాణ్ణి మరి.