వరస గుర్తొచ్చిన దొర

ఈ అరబ్బు దేశంలో శుక్రవారం సెలవు నాకు నెలకొక్కటే. ఆ రోజు మహబూలాలో మా ఊరి చెల్లెలి గదిలో అమ్మవారి పూజకు వెళ్తాను. బడి ముఖం చూడని నాకు మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. పూజలో నామాలు పైకి చదివేది నేనే. ఆ భాగ్యానికి దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. ఈసారి మాత్రం నా సెలవుకు ఒక దొర అడ్డం పడ్డాడు.

ముబారక్ అల్ కబీర్‌లో నేను పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడి వాడుకలో 'మామా' అంటాను, అమ్మా అన్నట్టు. ఆమె కూతురికి పదకొండేళ్లు. వందల ఏళ్ల కిందట యూరప్‌లో కోట కట్టుకుని బతికిన ఒక దొర వంశాన్ని, పేర్లు కత్తిరించి చార్టు మీద అంటించి, శుక్ర శనివారాల సెలవు అయ్యాక ఆదివారం బడికి తీసుకుపోవాలట. "అది పూర్తయ్యాకే నీకు సెలవు," అంది మామా.

గురువారం మధ్యాహ్నం నేనూ పిల్లా నేల మీద కూర్చున్నాం, తను చదివి చెబుతుంటే నేను అంటించడానికి. తండ్రికీ కొడుక్కీ మనవడికీ ఒకటే పేరు, పక్కన అంకెలు. ఎవడు మూడోవాడో ఎవడు నాలుగోవాడో తేల్చేసరికి నా తల వాచిపోయింది.

"ఈ దొరకీ మొదటి భార్యకీ తండ్రుల వైపు ముత్తాతలు అన్నదమ్ములు," అని చెప్పి పిల్ల అన్నానికి లేచిపోయింది.

నా చెయ్యి ఆగిపోయింది. ముత్తాతలు అన్నదమ్ములైతే వీళ్లు అన్నాచెల్లెళ్లు కదా! పిల్ల పొరపాటు పడిందనుకుని ఆమెను దొర చెల్లెళ్ల పక్కన అంటించాను. ఆమె కింద ఉండాల్సిన ముగ్గురు పిల్లల్నీ దొర రెండో భార్య కింద చేర్చాను.

పిల్ల తిరిగొచ్చి చూసి ఏడుపు లంకించుకుంది. మామా పరుగున వచ్చింది.

"భార్యని చెల్లెల్ని చేశావా? బుద్ధుందా నీకు?"

"మా దగ్గర అన్నదమ్ముల పిల్లలకు పెళ్లి చేయరు మామా. తోడబుట్టినవాళ్ల లెక్కే."

అన్నాక నాలుక కరుచుకున్నాను. మామా, ఆమె భర్తా సొంత అన్నదమ్ముల పిల్లలే.

"అయితే నేను నా మొగుడికి చెల్లెల్నా? మరి నువ్వెవర్ని చేసుకున్నావు?"

"మా మేనమామ కొడుకుని."

"వాడు నీకు అన్న కాదా?"

"కాదు మామా, బావ."

"బావట! మీ ఇద్దరికీ తాత ఒకడేగా!"

పిల్ల ఏడుపాపి పుస్తకం తిప్పింది. దొర మొదటి భార్యతో పన్నెండేళ్లు కాపురం చేసి, ముగ్గుర్ని కన్నాక, ఆస్తి ఉన్న మరొకామె మీద కన్నుపడి, 'మేం దగ్గర చుట్టాలం, ఈ పెళ్లి చెల్లదు' అని మతగురువులతో చెప్పించాడట.

"ఆ లెక్కన మీ ఇద్దరి పెళ్లిళ్లూ ఖలాస్!" అంది పిల్ల.

మామా పగలబడి నవ్వి, "యల్లా, కానియ్యి, ఇంకో చార్టు తియ్యి," అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పన్నెండేళ్లకా వరస గుర్తొచ్చేది?

శుక్రవారం ఉదయమంతా మళ్లీ కత్తిరింపులే. మొదటి భార్యను దొర పక్కన పెట్టి, ఆమె పిల్లల్ని ఆమె కిందే అంటించాను. తరవాత ఆమె ఏమైందని అడిగితే, పిల్ల వెతికి, రాయలేదంది. దొర వేటకుక్కల గురించి మాత్రం ఒక పేజీ నిండా ఉంది.

నేను మహబూలా చేరేసరికి హారతి అయిపోయింది.

"ఏందక్కా ఇంతసేపు? చదివేవాళ్లు లేక నామాలు ఫోన్లో పెట్టుకున్యాం," అంది చెల్లెలు.

"ఒక దొర పెండ్లాన్ని ఆమె చోట్లో కూచోబెట్టి వస్తాండా."

"మీ ఇంటికి దొరలు గూడా వస్తాండారా?"

 నా వంతు ప్రసాదం దాచిపెట్టారు, అదే పదివేలు. కూర్చుని నామాలన్నీ మొదటి నుంచీ చదివాను. దొర మొదటి భార్య పేరు నాకు నోరు తిరగదు. ఒక పువ్వు మాత్రం ఆమె కోసమని అమ్మవారి ముందు వేశాను.