నాలుగు హద్దుల వెబ్‌సైట్

ఆ రోజుల్లో సిద్దిపేటలో ఏది చూసినా "ఇది ఎవరిది" అని అడగడం మాకు అలవాటైపోయింది. నీళ్లెవరివి, కొలువులెవరివి, బండి నంబరు మీద రాసిన అక్షరాలెవరివి అని పొద్దున లేస్తే అదే ముచ్చట. దుకాణం బోర్డు మీద పాత రాష్ట్రం పేరు కొట్టేసి కొత్త పేరు రాయించుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. (పెయింటరు తొందరలో మా ఇంటిపేరు కూడా సగం కొట్టేశాడు. ఉద్యమం కోసం దాన్నీ ఓర్చుకున్నాం.) ఊరిది న్యాయమైన అనుమానం. నాదే, ఎక్కడ ఆపాలో తెలియని ఇరవై నాలుగేళ్ల అనుమానం. ఊరంతా ఒక్క విషయంలో అనుమానపడుతుంటే నేను అన్ని విషయాల్లోనూ పడేవాణ్ణి. మా నాన్న (మేం బాపు అంటాం) నన్ను ముద్దుగా "సీఐడీ" అనేవాడు. కోపం వచ్చినప్పుడు కూడా అదే అనేవాడు.

మాది చీరల దుకాణం. నెత్తిన చల్లకుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మలు నేసిన చేనేత చీరలు అమ్మేవాళ్లం. బాపు గల్లా దగ్గర, నేను చీరలు పరిచే చోట, ఇంట్లో మా అమ్మ (మేం అవ్వ అనే పిలుస్తాం) గళ్ల నోటుబుక్కు ముందు. కొత్త బొమ్మలన్నీ ఆమే గీసేది. ఒక భామ నడుము మీద చెయ్యి పెట్టుకుంటే ఇంకొకామె వెనక్కి తిరిగి ఎవరినో చూసేది. నేతవాళ్లు ఆ గళ్లను బట్టే మగ్గం మీద పోగులు ఎంచుకునేవారు. ఆ బొమ్మలే మా బతుకు. అంతకు ముందు ఏడాది మా వెనక వీధి దుకాణంలో అవ్వ గీసిన భామే, నడుము మీద అదే చెయ్యితో, మిల్లు చీర మీద అచ్చయి వేలాడింది. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే షట్టరు దించుకోవడమేనని బాపు తేల్చేశాడు. బొమ్మలు మావేనని లోకమంతటికీ తెలియాలంటే వెబ్‌సైట్ పెట్టాలని నాకు తోచింది.

బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపే భాయ్‌కి ఆ పని అప్పజెప్పాం. సొంతూరు మిరుదొడ్డి, నాకంటే రెండేళ్లు చిన్నవాడు, మాట మెత్తన. ఆ మెత్తదనమే నాకు గిట్టలేదు. ఇంటికొచ్చి నోటుబుక్కులో ప్రతి పేజీ ఫొటో తీశాడు. అన్నెందుకు? నేను సెంటర్‌లోకి అడుగుపెట్టగానే తెర మీద ఏదో మూసేశాడు. ఏం దాచాడు? (పేకాట ఆడుతున్నాడని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వెనక వీధివాడికి మా బొమ్మలు పంపుతున్నాడనే అనుకున్నాను.) సైట్ చేసేవాళ్లు చివరికి అంతా తమదేనంటారని ఎవరో చెప్పగా విని రెండు రోజులు అన్నం సయించలేదు. కాగితం రాయించుకోనిదే లాభం లేదనుకొని, రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన రేకుల షెడ్డులో దస్తావేజులు రాసే స్టాంపుల తాత దగ్గరికి వెళ్లాను.

వెబ్‌సైట్‌కు కాగితం కావాలనగానే తాత కళ్లజోడు పైకి నెట్టి, అది ఏ ఊరి శివారులోకి వస్తుందని అడిగాడు. అది భూమి కాదని నచ్చచెప్పబోయాను. "ఏదన్న గానీ, హద్దులు లేంది దస్తావేజు ఎట్లయితది?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. తెల్లకాగితం మీద పేజీ బొమ్మ గీసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి రాశాడు: ఉత్తరం దుకాణం పేరు, దక్షిణం ఫోన్ నంబరు, తూర్పు చీరల వరుస, పడమర పేజీల పట్టీ. ఈ హద్దుల నడుమ ఉన్న సమస్త బొమ్మలు, రాతలు, నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా మావేనట. (అందులో జలం ఎక్కడిదని నేను అడగలేదు. ఉంటే మనకే మంచిదనుకున్నాను.) తర్వాత ఆస్తి పిత్రార్జితమా, స్వార్జితమా అని అడిగాడు. పిత్రార్జితమంటే రేపు మా పాలోళ్లు, దాయాదులంతా వాటాకొస్తారు. నేను ఆలోచించకుండా స్వార్జితమన్నాను. స్వయంగా సంపాదించుకున్నదని, నా పేరే రాశాడు.

భాయ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నవ్వకుండా సంతకం పెట్టాడు. నవ్వకపోవడం చూసి నాకు అనుమానం ఇంకా పెరిగింది. పైగా ఒక మాటన్నాడు.

"అన్నా, ఈ కాయితంల సైట్ అడ్రసు ముచ్చట లేదు. అది గిప్పుడు నా పేరు మీదున్నది. ఏడాదికోపారి మళ్ల తీసుకోవాలె. నీ మెయిల్ చెప్తే నీ పేరు మీదికి మారుస్త."

రాసిన కాగితంలో ఇంకో ముక్క ఇరికించాలని చూస్తున్నాడని నాకు అర్థమైపోయింది. పైగా నా మెయిల్ కావాలట. "నా మెయిల్‌తో నీకేం పని భాయ్?" అని గట్టిగా అడిగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. ఎంత తెలివిగా తప్పించుకున్నానో ఇంటికెళ్లి బాపుకు చెప్పుకున్నాను కూడా.

ఏడాది బాగానే గడిచింది. ఫొటోలు చూసి దూరాల నుంచి ఫోన్లు వచ్చాయి, మగ్గాలు ఆడాయి. తర్వాత రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఒకరోజు సైట్ తెరిస్తే ఖాళీ తెర. భామలు లేరు, కుండలు లేవు. బస్టాండు దగ్గరికి పరుగెత్తితే సెంటర్‌కు తాళం. మా బొమ్మలు పోయినట్టేననుకున్నాను. అదే సమయంలో, సిగ్గు విడిచి చెప్పాలంటే, లోపల ఒక సంతోషం కూడా. నేను చెప్పలేదా అని ఊరందరితో అనొచ్చు.

కాగితం జేబులో పెట్టుకొని మోటారు సైకిల్ మీద మిరుదొడ్డి దారి పట్టాను. సగం దూరంలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బంద్ రోజు బండి మీద ఎక్కడికని ఆపారు. ఎవరి మనిషివి, ఎవరు పంపిన్రని నలుగురు నాలుగు దిక్కుల నుంచి అడిగారు. జీవితమంతా నేను మనుషులను చూసిన చూపుతో నన్ను ఇంకొకరు చూడడం అదే మొదలు. గాబరాలో కాగితం తీసి ఇచ్చాను. ఒక రిటైర్డ్ పంతులుగారు దాన్ని అందరికీ వినబడేలా చదివారు. ఉత్తరం దుకాణం పేరు అనగానే నవ్వు మొదలైంది. జల తరు పాషాణాల దగ్గరికి వచ్చేసరికి కూర కలిపే ఆయన గరిటె వదిలేసి కూర్చున్నాడు. ఆ నవ్వు విని, అన్నం గంప మోసుకుంటూ వచ్చింది ఎవరో కాదు, మా భాయే.

నన్ను చూసి దాక్కోలేదు. సైట్ ఎక్కడికీ పోలేదని, అడ్రసు గడువు అయిపోయిందని, సమ్మెకని సెంటర్ మూసినందువల్ల మెయిల్ చూసుకోలేదని, తప్పు తనదేనని చెప్పాడు. రేపే తిరిగి తెప్పిస్తానన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు పంతులుగారు స్వార్జితమనే మాట చదివారు. భాయ్ గంప కింద పెట్టి నా వైపు చూశాడు.

"స్వార్జితమంటే నువ్వే గీసినట్టు గదా అన్నా? మరి నేను ఫొటోలు తియ్యనొచ్చినప్పుడు అమ్మ గీస్తుండె."

నవ్వేవాళ్లు ఆగారు. పొద్దటి నుంచి మాది మాకే రావాలని గొంతులు పోయేలా అరిచిన మనుషులు వాళ్లు. పంతులుగారు కాగితాన్ని ఎలా ఉన్న మడతలు అలాగే పెట్టి నా చేతికిచ్చి, అన్నం తిని పొమ్మన్నారు. తిని, మిరుదొడ్డి దాకా పోకుండానే బండి వెనక్కి తిప్పాను.

ఇంటికొచ్చి జరిగిందంతా నవ్వులాటగా అవ్వకు చెప్పడం మొదలుపెట్టాను. హద్దుల దాకా ఆమె కూడా నవ్వింది. స్వార్జితం దగ్గర పెన్సిలు పక్కన పెట్టింది.

"గా వెనక దుకాణపాయన బయటోడు, నన్ను అడగలే. నువ్వు కడుపుల పుట్టినోడివి కొడుకా, నువ్వు గూడ అడగకపోతివి."

కోపంగా అనలేదు. మళ్లీ పెన్సిలు తీసుకుని గళ్ల మీదికి వంగింది. భాయ్ చెప్పినట్టే మర్నాడు సైట్ తిరిగొచ్చింది. అడ్రసు నా పేరు మీదికి మార్చాడు, నేను మారు మాట్లాడకుండా నా మెయిల్ ఇచ్చాను. ప్రతి బొమ్మ కింద అవ్వ పేరు పెట్టించాను. ఆమెను సెంటర్‌కు తీసుకెళ్లి చూపిస్తే, కొంగుతో కళ్లు తుడుచుకుని భాయ్‌ని ఒకే ఒక మాట అడిగింది, దీన్ని ఎవరన్నా తుడిచేయగలరా అని. ఎవ్వరు తుడువరమ్మా అని ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. నాకు అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆనాడు తెలిసింది.

ఇప్పుడు రాష్ట్రమూ వచ్చింది, నా నెత్తీ నెరుస్తోంది. నెలకోసారైనా అవ్వ నా ఫోన్ అడుగుతుంది, తన పేరు ఉందో లేదో చూడమంటుంది. ఉంది అవ్వా అంటాను. నా మాట నమ్మదు. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో భామ కిందా వేలు పెట్టి తానే చూసుకుంటుంది. అన్నీ చూసేదాకా నేను ఫోన్ పట్టుకుని నిలబడతాను.