వాగు మధ్యలో ఆగిన కారు

సూర్యాపేటలో మా ఆయన కిరాయి కారు నడిపే రోజుల్లో వానాకాలం వస్తే మా ఇంట్లో గుడ్డ మిగిలేది కాదు. నా పాత చీరలన్నీ ఇంజను తుడవడానికే పోయేవి. రాత్రంతా వాన కురిస్తే పొద్దున బండి దగ్గడమే తప్ప లేచేది కాదు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతా, ఆ ప్లగ్గులూ తడిసిపోతే విప్పి తెచ్చి, పొయ్యి పక్కన నా చారుగిన్నెకు జోడుగా పెట్టేవాడు. "అన్నం వండుతున్ననా, కారు వండుతున్ననా?" అని తిట్టేదాన్ని. ఆయన నవ్వి, ఆరిన మూతకు పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి తీసుకుపోయేవాడు.

వాగు దాటడానికి ఒక పద్ధతుంది. దిగే ముందు ఫ్యాన్ బెల్టు తీసెయ్యాలి, లేకపోతే ఫ్యానే ఇంజను మీద నీళ్లు చిమ్ముతుంది. దిగాక ఒక్కటే గేరు, ఒక్కటే వేగం. ఎక్సలేటర్ మీద కాలు తీస్తే సైలెన్సర్ నీళ్లు తాగుతుంది. "నీళ్లల్ల కాలు లేపినోడు డ్రైవరే కాదు" అని ఆయన గొప్ప. నడివాగులో ఆపమన్న పాసింజర్లను పెద్దా చిన్నా చూడకుండా కసిరేవాడు.

ఒక శ్రావణంలో మా ఆడబిడ్డ తొలికాన్పుకు నడిగూడెం దగ్గర పల్లెలో ఉన్న మా అత్త ఇంటికి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసిందని కబురొస్తే ఇద్దరం కారులో పోయాం. సూర్యాపేట దవాఖానకు చేరిస్తేనే పిల్ల దక్కుతుంది. వెనక సీట్లో ఆడబిడ్డ తల నా ఒళ్లో పెట్టుకున్నాను. అత్త ముందు కూర్చుంది. పోయేటప్పుడు పలచగా ఉన్న వాగు తిరిగొచ్చేసరికి పెరిగింది.

ఆయన బెల్టు తీసి దిగాడు. బండి బాగానే పోతోంది. సగం దాటామో లేదో అత్త కొంగుముడి విప్పింది.

"ఆపు బిడ్డా! కడుపుతోని ఉన్న పిల్లను గంగమ్మకు పసుపు కుంకుమ ఇయ్యకుంట దాటిస్తవా?"

"ఆపొద్దమ్మా, బండి సస్తది."

"జర నిమ్మళం చెయ్, ఇసిరేస్త. తల్లికి కోపమొస్తే పిల్ల గతేంది?"

పరాయివాళ్లయితే నోరు మూసుకోమనేవాడు. అడిగింది అమ్మ, భయం చెల్లెలి గురించి. కాలు లేపాడు. బండి రెండు గుటకలు మింగి ఆగిపోయింది. అత్త చేతిలో పసుపు ఇంకా నీళ్లలో పడనే లేదు.

ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. దండం పెట్టుకోవడానికి ఒడ్డు లేదా అని ఎన్నిసార్లు పళ్లు కొరుక్కున్నానో. కానీ కన్నకూతురి కోసం చేసింది, ఆమెను ఏమనగలను?

పొలాల్లో నాట్లేస్తున్నవాళ్లు పరుగెత్తుకొచ్చి బండిని అవతలి ఒడ్డుకు తోశారు. మంచం మీద మోసుకుపోదామంటే పెద్దరోడ్డే చాలా దూరం. ఆయన ప్లగ్గులు విప్పి, బండి ముందు హ్యాండిల్ పెట్టి తిప్పి, ఇంజను చేత నీళ్లు కక్కించాడు. ఆ వానలో ఆరబెట్టేదెక్కడ? నా కొంగు చింపి ఇచ్చాను. దాంతో మూత తుడిచి, బనీను లోపల పొట్టకు ఆనించుకున్నాడు. హ్యాండిల్ కొట్టి కొట్టి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆడబిడ్డ మొదట అరిచింది, తర్వాత మూలిగింది. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని, "వదినె, బండి లేసిందా?" అని అడిగింది.

"లేస్తదమ్మా" అన్నాను. ఆ చెయ్యి నా చేతిలోనే చల్లబడింది.

అప్పుడు లేచింది బండి.

ఆయన సంతోషం పట్టలేక కేక వేశాడు. బెల్టు తగిలించి, ఎక్కి, వెనక్కి చూడకుండా పరుగు పెట్టించాడు. "ఇగ భయం లేదు చెల్లె, జర ఓర్సుకో. గీడికెల్లి దవాఖాన ఎంతసేపు!" అంటున్నాడు. అత్త కళ్లు మూసుకుని దండాలు పెడుతోంది. నేను ఆడబిడ్డ కనురెప్పలు మూసి, తల అట్లాగే ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. సూర్యాపేట దవాఖాన గేటు దాకా ఆయన చెల్లెలితో మాట్లాడుతూనే ఉన్నాడు.