అమ్మ కంటి మీద నేను పూసిన కావి

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున, కుమ్మరి తాత మా అమ్మను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, కోడి ఈకను ఎర్ర కావిలో ముంచి ఆమె నుదుటి మీద బొమ్మ గీస్తున్నాడు. సింహం బొమ్మ అన్నాడు. నాకు మాత్రం పిల్లిలాగే కనిపించింది... నవ్వు కూడా వచ్చింది.

అమ్మకు అక్కి వచ్చింది. కుడివైపు నుదుటి మీద గుత్తులుగా నీటి పొక్కులు, నిప్పు పెట్టినట్టు మంట. డెబ్బైల చివర్లో, మా తిరుత్తణి పక్క పల్లెల్లో అక్కికి ఎవరూ డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు కాదు. కుమ్మరి దగ్గరికే పోయేవాళ్ళు. ఆయన కావిరాయి అరగదీసి పొక్కుల మీద సింహాన్ని రాసేవాడు. సింహాన్ని చూసి అక్కి పారిపోవాలి. ఆ కావి దానంతట అదే రాలిపోయేదాకా నీళ్ళు తగలకూడదు.

మాది నేతపని ఇల్లు. నాయన మగ్గం మీద కూర్చునేవాడు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకడం అమ్మ పని. వందల పోగులు... ఒక్కటి తప్పేది కాదు. వీధిలో వాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. మా ఇంట్లో అమ్మకంటూ కాస్త మర్యాద ఉండిందంటే అది ఆ చూపు వల్లే.

మూడో రోజుకి పొక్కులు కనురెప్ప మీదికి, ముక్కు కొన మీదికి దిగాయి. తాత చూసి ఈక కింద పెట్టేశాడు.

"వేండామ్మా, కంటి మీద నేను రాయను. తిరువళ్ళూరుకు పిలుచుకొని పోండి. ఆడ కంటి డాక్టరు ఉండాడు," అన్నాడు మా అవ్వతో.

రాసేవాడే వద్దన్నాడు చూడండి... ఆ రోజు వినాల్సిన మాట అదొక్కటే. మా అవ్వ, అంటే నాయన తల్లి, వింటేగా. అక్కికి సూది వేస్తే రెచ్చిపోయి ఒళ్ళంతా పాకుతుందట. నాయనేమో ఆడి కృత్తిక తిరునాళ్ళు పోనీ అన్నాడు. తిరుత్తణి కొండకు మొక్కుబడి కావళ్ళు వస్తున్నాయి, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు, మగ్గం మీద బట్ట సగంలో ఉంది. అమ్మను మాత్రం ఎవరూ అడగలేదు.

తాత వదిలిపోయిన కావి కొబ్బరిచిప్పలో ఉంది. అవ్వ నన్ను పిలిచి, నీ చెయ్యి నిదానం, రెప్ప మీద నువ్వు పుయ్యి అంది. నాకు పదేళ్ళు. పెద్దవాళ్ళ పని నాకు అప్పజెప్పారని ఎంత పొంగిపోయానో... పొద్దునా సాయంత్రం పూశాను. ఎండి పెచ్చు కట్టిన కావి కింద కన్ను ఎలా ఉందో మాలో ఒక్కరికీ తెలియదు. రెప్ప తెరిచి చూసినవాళ్ళే లేరు.

నేను పూయడం మొదలుపెట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం, అవ్వ పక్కింటికి పోయి ఉంది. అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"తడిగుడ్డ తెచ్చి తుడువు పాపా. లోపల సూదుల్తో పొడస్తా ఉన్నట్టుండాది. అవ్వకు చెప్పొద్దు."

తుడిస్తే అక్కి రెండో కంటికి పోతుందని అవ్వ చెప్పి ఉంది. నేను తుడవలేదు. పైగా అవ్వ రాగానే చెప్పేశాను. అవ్వ అమ్మను తిట్టిన తిట్లు వీధంతా విన్నారు. నాజూకుదట, మంచం ఎక్కి పని ఎగ్గొట్టడానికి నాటకాలట...

కృత్తిక అయ్యాక తిరువళ్ళూరు పోయాం. డాక్టరు తడిదూదితో ఆ కావిని వదిలించడానికే చాలాసేపు పట్టింది. కంట్లో తెల్లటి పువ్వు పడి చూపు పోయింది. మొదట్లోనే వచ్చుంటే చుక్కల మందు వేసి కన్ను కాపాడడానికి చూసేవాణ్ణి అన్నాడు. చిన్నప్పుడు ఈమెకు ఆటలమ్మ పోసిందా అని అడిగాడు. పోసిందట, ఏడేళ్ళప్పుడు. ఆ పురుగే ఇది అన్నాడు. వేపాకు నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపేశాం అనుకుంటాం కదా... ఆ పురుగు ఎక్కడికీ పోదట. నరంలో నక్కి ఉండి, ముప్పై ఏళ్ళకైనా లేస్తుందట.

ఆ తర్వాత అమ్మ పోగు అతకలేదు. అతుకుకు వేరే మనిషిని పెట్టుకున్నారు. కుడివైపు దువ్వెన తగిలినా విలవిల్లాడేది, ఏళ్ళ తరబడి. అంతా ఆమె తలరాత అని అవ్వ తేల్చేసింది. నాయన తలూపాడు. వాళ్ళిద్దరూ పోయి చాలా కాలమైంది. నా కోపం మాత్రం పోలేదు.

నన్ను అమ్మ ఒక్క మాట అనలేదు. కానీ ఆ మధ్యాహ్నం తర్వాత నన్ను ఎప్పుడూ, ఏదీ అడగలేదు. జ్వరంతో పడుకున్నా మంచినీళ్ళు తనే లేచి ముంచుకునేది. నేను లోటా పట్టుకుని పక్కనే నిలబడి ఉండేదాన్ని.

పోయిన ఏడాది నాకూ అక్కి వచ్చింది, నడుము మీద. రెండో రోజే డాక్టరు దగ్గరికి పోయాను. ఏడు రోజులు మాత్రలు... తగ్గిపోయింది. ఇంత సులువా అని ఆ మాత్రల అట్ట చేతిలో పట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు మందులున్నాయి, ఊరూరా డాక్టర్లున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా కంటి పక్కన ఇలా పొక్కులొస్తే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి. నొప్పి అని చెప్పినా ఎవరూ వినిపించుకోని మనిషి మీ ఇంట్లో కూడా ఒకరు ఉండే ఉంటారు... అమ్మో, అత్తో, అక్కో. ఆమె గురించి ఇక్కడ రాయండి, చదువుతాను. ఆమె ఇంకా ఉంటే మాత్రం, రాయడం తర్వాత... ముందు పోయి ఆమె పక్కన కూర్చోండి. అలా కూర్చునే ధైర్యం నాకు వచ్చేసరికి మా అమ్మ లేదు.