మాస్టారి చుక్కల పడవ

మాస్టారు పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను నవ్వాను. "ఈసారి నమ్మనమ్మా, ఫోన్ ఆయనకివ్వు" అన్నాను. మా ఇద్దరి వేళాకోళాలు అంత దూరం వెళ్లేవి మరి. అవతల ఆ అమ్మాయి ఏడ్చేసింది. కొట్టులో సెల్‌ఫోన్ కవరు బేరమాడుతున్న ఆవిడ నా మొహం చూసి బేరం మానేసింది.

గవర్నర్‌పేటలో నాది ఒకప్పుడు పాటల క్యాసెట్లు రికార్డు చేసే కొట్టు. ఇప్పుడు కవర్లూ చార్జర్లూ అమ్ముకుంటున్నాను. నేను పది తప్పినవాణ్ని. ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊరంతా టేప్‌రికార్డర్లను పాత సామాన్లవాడికి వేసేస్తుంటే, ఆయన ఒకదాన్ని సంచిలో పెట్టుకుని బాగుచేయించడానికి వచ్చారు.

"ఏం పాటలు వింటారు మాస్టారూ?"

"నేను వినను నాయనా. కంప్యూటర్ వింటుంది."

పక్క కొట్టువాడికి కన్ను కొట్టాను. మనిషికి కాస్త తిక్క ఉందనుకున్నాం. ఉంది కూడా. ఆ తిక్క నాకూ అంటించి పోయారు.

ఆయన దగ్గరున్నది కుర్రతనంలో కొనుక్కున్న ఎనిమిది బిట్ల కంప్యూటర్. చూడటానికి లావుపాటి కీబోర్డు, అంతే. డబ్బా టీవీకి తగిలించాలి. ప్రోగ్రాములు క్యాసెట్లో ఉంటాయి. ప్లే నొక్కితే చెవులు చిల్లులు పడేలా ఒకటే కీచు. ఆ కీచులోంచే మెషిను ఒక్కో అంకె ఏరుకుని ప్రోగ్రామంతా నింపుకుంటుంది. టేపుని చదివే హెడ్డు వెంట్రుకవాసి పక్కకి జరిగినా దానికి వినపడదు. స్క్రూ తిప్పి ఆ హెడ్డు సరిచేయడం నా పని. ఆదివారాలు సగం షట్టర్ దించుకుని ఇద్దరం వెనక గదిలో కూర్చునేవాళ్లం.

అదే పాత కంప్యూటర్‌లా ప్రవర్తించే ప్రోగ్రాము ఒకటి నా లాప్‌టాప్‌లో ఎక్కించారు. దాన్ని ఎమ్యులేటర్ అంటారట. "అంటే ఏంటండీ?" అంటే, "కూచిపూడిలో మగవాడు ఆడవేషం కట్టినట్టురా. జడ ఊపితే జడే కనపడాలి. మీసం కనపడితే వేషం చెడినట్టే" అన్నారు. మనం రాసిన ఆజ్ఞలను మెషిను అంకెల్లోకి మార్చే అసెంబ్లర్‌ని కూడా పట్టుదలగా నేర్పారు. నాకు తప్పులొస్తే ఒకటే మాట అనేవారు: "దానికి మొహమాటం లేదు. నువ్వు చెప్పిందే చేస్తుంది, నువ్వనుకున్నది కాదు." మా బళ్లో ఎవరైనా ఇలా చెప్పుంటే పది గట్టెక్కేవాణ్నేమో. ఎక్కేవాణ్ని కాదులెండి, అబద్ధమెందుకు.

నేర్చుకున్న ముక్కతో నేను చేసిన మొదటి ఘనకార్యం ఆయన లెక్కల ప్రోగ్రాముని కెలకడం. జవాబు ఏది కొట్టినా 'తప్పు, మళ్లీ బడికి పోండి' అని వచ్చేలా మార్చాను. ఆయన ఊరుకుంటారా? మరుసటి ఆదివారం నేను కూర్చుంటే తెరమీద 'కాఫీ తెప్పించు' అని వచ్చి కదలదు. ఏ కీ నొక్కినా కాఫీయే. చివరికి తెప్పించాను. తాగి, మూతి తుడుచుకుని, తీరిగ్గా ఏదో నొక్కారు. అప్పుడు కదిలింది.

ఒక్క క్యాసెట్ మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. అందులో ఆయన సొంతంగా రాసిన ఆట ఉంది. ఏట్లో నీళ్లు పెరుగుతుంటాయి. బ్యారేజీ గేట్లెత్తి నీళ్లు దించుతూ పడవని ఒడ్డు చేర్చాలి. ఆ పడవ బొమ్మ వాళ్లావిడ వేసింది. ఆవిడ లంక ఊళ్లో పుట్టిన మనిషి, పడవ దాటి బడికెళ్లిన మనిషి. మాస్టారు గీసిన పడవ చూసి, "ఇదేం పడవండీ, కుడితి తొట్టిలా ఉంది. ముక్కు లేవకపోతే ఏట్లో నిలబడుద్దా?" అని నేలమీద ముగ్గుపిండితో అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలు పెట్టి, కావలసినవి ఉంచి మిగతావి చెరిపేసిందట. ఒక్కో వరసనీ ఆయన ఒక్కో అంకె చేసి ప్రోగ్రాములో పెట్టుకున్నారు. నేను పరిచయమయ్యేనాటికే ఆవిడ లేరు.

"లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే పాడవదు కదండీ" అనేవాణ్ని.

"వేషగాడి చేత ఆ పడవ నడిపించను."

మొండితనం. ఆ తర్వాత బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌లో ఆయన ఇల్లు మునిగింది. కంప్యూటరూ టీవీ నా కొట్టులో ఉండి బతికాయి. క్యాసెట్లు బీరువా అడుగు అరలో ఉండి బురదలో నానాయి. నీళ్లు తీశాక ఆ ఒక్క క్యాసెట్ తువ్వాలులో చుట్టి తెచ్చారు. ఇంటి గురించి ఒక్క మాట లేదు. "పడవ వస్తుందంటావా?" అన్నారు.

క్యాసెట్ డబ్బా విప్పి, బ్యాటరీలో పోసే నీళ్లతో టేపు కడిగి, నీడన ఆరబెట్టి, కొత్త డబ్బాలోకి ఎక్కించాను. ఆట చాలావరకు వచ్చింది. పడవ ఉండాల్సిన చోట చీమలు పట్టినట్టు చుక్కలు. ఎంత తలపట్టుకున్నా ఆయనకు ఆ అంకెలు గుర్తు రాలేదు.

"నేనొకటి గీసిస్తానండీ."

"నువ్వు గీస్తే అది నీ పడవ అవుద్దిరా."

ఆ రోజుల్లో ప్రతి ప్రోగ్రామునీ వెనకవెనకే రెండుసార్లు రికార్డు చేసేవారట. రెండోది టేపులో లోపలి చుట్లలో ఉంది, చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి. వేడి ఆవిరి పట్టి మెల్లగా విడదీశాను. ప్లే చేస్తుంటే గోధుమరంగు పొడి రాలి హెడ్డుకి అంటుకుంటోంది. ఇది కాక మహా అయితే ఇంకొక్కసారి తిరుగుతుందని మాస్టారికి చెప్పాను. ఆ కీచంతా లాప్‌టాప్‌లోకి రికార్డు చేసి, గర్వంగా వినిపించాను. మాస్టారు చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"ఇంత కమ్మగా ఉందేంట్రా?"

అప్పుడు తట్టింది. పాత పాటల అలవాటుకొద్దీ గరగర తీసేసే మీట నొక్కి రికార్డు చేశాను. కీచు పోయింది, కీచుతో పాటు ప్రోగ్రామూ పోయింది. తల బాదుకున్నాను. ఆయన నన్ను చూసి పగలబడి నవ్వారు.

"పాటకి చేసే సేవ దానికీ చేశావా! హెడ్డు తుడువు. ఇంకోసారి తిరుగుద్దన్నావుగా."

నవ్వారు గానీ, ఆయన చెయ్యి బల్ల అంచు వదల్లేదు.

రెండోసారి ఏ మీటా ముట్టుకోకుండా, ఊపిరి బిగబట్టి తిప్పాను. ఆ కీచు అంత ఇంపుగా ఏ పాటా నాకు వినిపించలేదు. సగం దాటాక టేపు ఉట్టి ప్లాస్టిక్ రిబ్బనైపోయింది. కానీ లాప్‌టాప్‌లో ఆ కీచుని అంకెల్లోకి మారిస్తే, మాకు కావలసిన ఎనిమిదీ ఆ సగంలోనే దొరికాయి. ఆయనే కూర్చుని ఒక్కొక్కటీ అసలు కంప్యూటర్‌లో కొట్టారు.

పడవ వచ్చింది. ముక్కు పైకెత్తుకుని, నిజంగానే ఏట్లో నిలబడేటట్టు.

ఆ తర్వాత కూడా ఆయన చాలా ఆదివారాలు వచ్చారు. నాకు గుర్తుండేది మాత్రం ఆ మధ్యాహ్నమే. "నువ్వాడరా, నేను చూస్తా. మెల్లిగా. ఒడ్డుకి గుద్దకు" అని కుర్చీ టీవీ ముందుకి లాక్కున్నారు. కుదురుగా ఒకచోట కూర్చోలేని నేను, గేట్లెత్తి నీళ్లు దించుతూ, ఆ పడవని ఒడ్డు చేర్చకుండా ఏటి నడుమనే తిప్పుతూ కూర్చున్నాను. ఒడ్డు చేరితే ఆట అయిపోతుంది. మాస్టారు రెప్పవేయకుండా చూస్తున్నారు. ఆయన కళ్లద్దాల్లో, ఒక్కో అద్దంలో ఒక్కో పడవ, మెల్లగా కదులుతోంది.